ఉడుత నా దిండు పీకేసి గూడు కడుతోంది. ఏం చెయ్యమంటారు?

బాల్కనీ_బాధితుడు
నాలుగు రోజులుగా చూస్తున్నాను. బాల్కనీలో ఎండకు వేసిన దిండుకి ఒక మూల చిల్లు పడింది. ఎలుక పనేమో అనుకున్నా. నిన్న పొద్దున తలుపు సందులోంచి చూస్తే ఉడుత! ముందు కాళ్లతో దూది లాగి, ఉండలా చుట్టి, నోట్లో కుక్కుకుని, తెల్ల గడ్డం పెంచిన ముసలాయనలా పరుగెత్తింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. గంటలో ఏడుసార్లు లెక్కపెట్టాను. డోర్‌మ్యాట్ పీచు కూడా సగం ఖాళీ.

ఇది చాలదన్నట్టు అదే బాల్కనీలో కుండీ మొక్క మీద బుల్‌బుల్ పిట్ట ఒకటి గూడు మొదలుపెట్టింది. అది నాలుగు పుల్లలు తెస్తే మూడు కింద పడతాయి. చూస్తుంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఉడుత గూడు ఎక్కడ కడుతోందో ఎలా కనిపెట్టాలి? బుల్‌బుల్‌కి దారమో దూదో పెట్టి సాయం చెయ్యొచ్చా? మా ఆవిడ మాత్రం రెండింటినీ వెళ్లగొట్టమంటోంది.

సోమరిపిట్ట
ఉడుతాభక్తి అంటే ఉడుత మనకి సాయం చెయ్యడం అనుకున్నా. ఇక్కడ మీరు ఉడుతకి దిండు సమర్పించారు.

కొమ్మచాటు
దూది మోస్తోందంటే గూడు దాదాపు అయిపోవచ్చిందని. ముందు బయటి గోడకి పీచు, గడ్డి, ఎండుటాకులు, గుడ్డ పేలికలు చేరుస్తుంది. మెత్తటి సరుకంతా చివర్లో, లోపలి పరుపుకి. కడుపుతో ఉండే అవకాశం ఎక్కువ. వీపు మీద మూడు చారలున్న ఉడుత అయితే సుమారు 34 రోజులు మోసి, మామూలుగా రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. అవి ఒంటి మీద బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. అందుకే పరుపు మీద అంత పట్టింపు. తండ్రి ఆ ఛాయలకే రాడు. గూడు కట్టడం, పాలివ్వడం, కాపలా అన్నీ తల్లే.

వెతకాలంటే వెంటపడకండి. కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుని, నోరు నిండినప్పుడు ఏ వైపు పోతోందో చూడండి. మీరు చూస్తున్నారని తెలిస్తే గూటికి తిన్నగా పోదు, మధ్యలో ఆగుతుంది.

రాత్రి_డ్యూటీ
మా ఇంట్లో స్కూటర్ సీటు కింద కట్టింది. నేను వారం రోజులు ఊళ్లో లేను. వచ్చి సీటు ఎత్తితే లోపల కొత్త కాపురం. నెలన్నర బస్సులో తిరిగాను.

సోమరిపిట్ట
స్కూటర్ దానిదే అని రాసిచ్చేయాల్సింది.

నీలిరెక్క
బుల్‌బుల్ గురించి. పుల్లలు పడిపోవడం చూసి కంగారు పడకండి. మొదట్లో అన్నిటికీ అంతే. గూటికి పునాది అంటూ ఉండదు కదా. నాలుగైదు పుల్లలు కొమ్మల పంగలో ఇరుక్కుని ఒకదాన్నొకటి పట్టుకునేదాకా పడుతూనే ఉంటాయి. పుల్లలు కొంచెం వంగి, మళ్లీ నిటారుగా అవ్వాలని చూస్తూ పక్క పుల్లని నొక్కుతాయి. ఆ ఒత్తిడి, రాపిడి కలిసి గూడు నిలబడుతుంది. మేకు లేదు, జిగురు లేదు. ఆ తర్వాత పిట్ట మధ్యలో కూర్చుని, రొమ్ము ఆనించి, కాళ్లతో వెనక్కి తంతూ గిరగిరా తిరుగుతుంది. దాంతో గిన్నె ఆకారం వస్తుంది. అంటే కొలబద్ద దాని ఒళ్లే. బట్టలు కుట్టేవాడు తన ఒంటికే తొడిగి చూసుకుంటూ కుట్టుకున్నట్టు.

దూది, దారం మాత్రం పెట్టకండి. పొడుగు దారం పిల్లల కాళ్లకి చుట్టుకుని బిగుసుకుపోతుంది. పొడుగు జుట్టుదీ అదే గొడవ. కుక్కకో పిల్లికో పేల మందు రాస్తుంటే దాని బొచ్చు కూడా బయట పడెయ్యొద్దు. ఎండిన గడ్డి, సన్నటి వేళ్లు, కొబ్బరి పీచు ముక్కలు సరిపోతాయి.

బాల్కనీ_బాధితుడు
@కొమ్మచాటు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉడుత వచ్చి నన్ను చూసి, తోక కొట్టుకుంటూ అరగంట తిట్టింది. గూడు మాత్రం చూపించలేదు.

@నీలిరెక్క దారం కట్టి ఉంచాను, ఇప్పుడే తీసేశాను. థాంక్స్ అండీ.

లెక్కల_పంతులు
దిండులో ఉన్నది అసలు దూదేనా, పాలిస్టరా? ఇప్పుడు చాలా దిండ్లలో దూది ఉండదు. ఆ సన్నటి సింథటిక్ పోగులూ కాళ్లకి చుట్టుకుంటాయి. ముందు దిండు లోపల పెట్టండి, తర్వాత మిగతా చర్చ.

బాల్కనీ_బాధితుడు
లేబుల్ చూశాను. పాలిస్టరే. ఇన్నాళ్లూ దూది దిండనుకుని పడుకున్నా. లోపల పెట్టేశా.

చిట్టిచేతులు
మా అమ్మాయికి ఆరేళ్లు. ఈ చర్చ చదివి వినిపిస్తే ఒక ప్రశ్న వేసింది: "పిట్టలు రాత్రి గూట్లోనే పడుకుంటాయా?" నేను ఔనన్నాను. తప్పు చెప్పానా?

నీలిరెక్క
తప్పే, కానీ లోకమంతా చేసే తప్పు. చాలా పిట్టలకి గూడు ఇల్లు కాదు, ఉయ్యాల. గుడ్లు పొదిగే రోజుల్లో, పిల్లలు ఎదిగేదాకా ఉంటాయి. పిల్లలు ఎగిరిపోయాక తల్లి అందులో పడుకోదు, ఆకుల చాటున కొమ్మ పట్టుకుని నిద్రపోతుంది. మరి నిద్రలో పడిపోదా అని మీ అమ్మాయి అడుగుతుంది, కాచుకోండి. కొమ్మ మీద వాలి కాలు మడిస్తే లోపలి స్నాయువులు (కండని ఎముకకి కట్టే తాళ్లు) లాగి వేళ్లు కొమ్మకి బిగుస్తాయని చెబుతారు.

ఉడుత అలా కాదు. దానికి గూడు నిజంగా ఇల్లే. పిల్లలున్నా లేకపోయినా రాత్రి పడకకి అక్కడికే చేరుతుంది.

సోమరిపిట్ట
పిట్టది పురిటి గది, ఉడుతది సొంతిల్లు.

గూడుపుఠాణి
అన్ని పిట్టలకీ అలా చెప్పలేం. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలో రాత్రుళ్లు పడుకుంటుంది. ఆఫ్రికా దక్షిణాన సోషబుల్ వీవర్లని ఉంటాయి, ఒక చెట్టు మీద గడ్డివామంత గూడు కట్టి వందల పిట్టలు ఏడాది పొడుగునా అందులోనే కాపురం ఉంటాయి. ఒక్కో గూడు తరాల తరబడి వాడతాయి. బరువుకి కొమ్మ విరిగిన సందర్భాలూ ఉన్నాయి. గద్దలు ప్రతి ఏడాదీ పాత గూటి మీదే కొత్త పుల్లలు పేర్చుకుంటూ పోతాయి. ఫ్లోరిడాలో 1963లో కొలిచిన ఒక బాల్డ్ ఈగిల్ గూడు 2.9 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు. బరువు రెండు టన్నుల పైమాటే.

నీలిరెక్క
అందుకే "చాలా పిట్టలకి" అన్నాను గూడుపుఠాణి గారూ. మీ పేరుకి తగ్గట్టు సందు దొరికితే చాలు.

రాత్రి_డ్యూటీ
రెండు టన్నుల గూడు స్కూటర్ మీద కట్టలేదు, అదృష్టవంతుణ్ణి.

లెక్కల_పంతులు
నాకు ఒకటి అర్థం కాదు. జనం గూడు చూసి "ఎంత తెలివి, ఎంత ఇంజినీరింగు" అంటారు. తెలివేముంది ఇందులో? పుట్టుకతో వచ్చిన ప్రోగ్రామ్ అంతే. తల్లి గూడు కట్టడం పిల్ల చూడనే చూడదు, అది పుట్టేసరికే గూడు తయారు. అయినా పెద్దయ్యాక అదే గూడు కడుతుంది. నేర్చుకునేది ఏముంది?

కొమ్మచాటు
సగం ఒప్పుకుంటా. ఏ రకం గూడు కట్టాలన్నది పుట్టుకతో వస్తుంది. కాకి ఎప్పుడూ గిజిగాడి గూడు కట్టదు. కానీ ఎంత బాగా కట్టాలన్నది చేతివాటం, కట్టి కట్టి వస్తుంది.

గూడుపుఠాణి
పంతులుగారి పోస్టుకి కొంచెం పొడుగ్గానే జవాబివ్వాలి. గిజిగాడి దగ్గర మొదలుపెడతా. ఎందుకంటే నేను రెండు సీజన్లు ఒకే చెట్టు కింద కూర్చుని చూశాను.

వానలు మొదలయ్యాక మగ గిజిగాడి తల మీద పసుపు రంగు తేలుతుంది. పొడుగాటి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి రిబ్బనులా వచ్చేస్తుంది. అలాంటి పోగులు వందలు కావాలి. ఒక గూటికి దాదాపు 500 సార్లు తిరుగుతుందని లెక్క. కొమ్మ కొసకి మొదటి పోగు చుట్టి బిగించడమే అన్నిటికంటే కష్టం. కాలితో ఒక కొస నొక్కి పట్టి, ముక్కుతో రెండో కొస తిప్పి దూరుస్తుంది. నిజమైన ముడులు వేస్తుంది. పచ్చి ఆకే ఎందుకంటే ఎండినది వంగదు, విరుగుతుంది. పచ్చిగా అల్లితే ఎండాక బిగుస్తుంది.

ముందు ఒక ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం మీద నిలబడి రెండు వైపులా అల్లుకుంటూ పోతే బోర్లించిన టోపీలా తయారవుతుంది. ఇక్కడ ఆపేస్తుంది! పూర్తి చెయ్యదు. ఆ టోపీకి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడ పిట్టల్ని పిలుస్తుంది. ఆడ పిట్ట వచ్చి లోపలికి దూరి, అల్లిక లాగి చూసి, కొమ్మ గట్టిదో కాదో చూస్తుంది. నచ్చితే అప్పుడు మగది కింద పొడుగాటి గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. లోపలి మెత్తటి పని ఆడదానిది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే వేలాడుతుంది. చెట్టు మీద సగం సగం గూళ్లు కనబడితే అవి అదే, నిరాకరించిన సంబంధాలు.

ఇప్పుడు నేర్చుకోవడం సంగతి. గిజిగాడి చుట్టాలైన ఆఫ్రికా విలేజ్ వీవర్ల మీద పిట్టల పరిశోధకులు కొలియాస్ దంపతులు చేసిన ప్రయోగాలున్నాయి. అల్లడానికి ఏ సరుకూ అందకుండా పెంచిన కుర్ర మగ పిట్టలకి తర్వాత ఆకులు ఇస్తే, పోగు చీల్చడమే సరిగా రాలేదు, అల్లడం సంగతి చెప్పక్కర్లేదు. మామూలు కుర్ర పిట్టలు నెలల తరబడి పిచ్చి పిచ్చి గూళ్లు కట్టి చెడగొడతాయి. నేను చూసిన చెట్టు మీద కూడా ఒక కుర్ర గిజిగాడు కట్టినది గూడు కాదు, చిక్కుపడ్డ గడ్డి. ఒక్క ఆడ పిట్టా అటు చూడలేదు. అది పక్కవాడి గూట్లోంచి పోగులు దొంగిలించడం మాత్రం మొదటి రోజే నేర్చుకుంది.

ఇంకొకటి. బోట్స్‌వానాలో మాస్క్‌డ్ వీవర్లని వీడియో తీసి చూశారు. ఒకే పిట్ట ఒక గూడు ఎడమ నుంచి మొదలుపెడితే ఇంకో గూడు కుడి నుంచి మొదలుపెట్టింది. అనుభవం పెరిగే కొద్దీ గడ్డి పరకలు జారిపోవడం తగ్గింది. ప్రోగ్రామ్ అయితే ప్రతిసారీ ఒకేలా ఉండాలి కదా పంతులుగారూ?

సోమరిపిట్ట
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది గిజిగాడి గురించే అన్నమాట. వరసతో సహా.

చిట్టిచేతులు
ఇల్లు చూసి పిల్లనిచ్చే సంబంధం. పైగా సగం కట్టిన ఇల్లు చూసి!

లెక్కల_పంతులు
సరే, "అంతే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ప్రోగ్రామ్ ఉంది, ప్రాక్టీసూ ఉంది. కానీ గిజిగాడిని చూసి మిగతా పిట్టలన్నిటికీ డిగ్రీలు ఇవ్వకండి. పావురం గూడు చూశారా ఎప్పుడైనా? ఏడు పుల్లలు, రెండు గుడ్లు. ఎనిమిదో పుల్ల తెచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

రాత్రి_డ్యూటీ
మా కిటికీ అంచున మూడు పుల్లలు, ఒక టూత్‌బ్రష్.

కొమ్మచాటు
పావురాన్ని వెక్కిరించడం తేలిక. కానీ అది తప్పు కట్టడం కాదు, పొదుపు. రోజుల తరబడి కష్టపడి కట్టిన గూడు పోతే నష్టం ఎక్కువ. పావురం గూడు పోతే మళ్లీ మొదలు, వెంటనే ఇంకో రెండు గుడ్లు. పైగా దాని పూర్వీకులు కొండ రాళ్ల అంచుల మీద పెట్టేవి. గుడ్డు దొర్లకుండా ఆపడానికి నాలుగు పుల్లలు చాలు.

నీలిరెక్క
గిజిగాడికి ఆ పొడుగు గొట్టం ఎందుకో కూడా చెప్పాలి. పాము, కాకి లోపలికి దూరడం కష్టం కావాలని. నీళ్ల మీదికి వంగిన కొమ్మలు, ముళ్ల చెట్లు వెతుక్కునేదీ అందుకే. ఆఫ్రికాలో కేప్ పెండులైన్ టిట్ అనే బుల్లి పిట్ట ఇంకో అడుగు ముందుకేసింది. దాని గూటికి బయటికి కనబడే ద్వారం ఉత్తుత్తిది. అందులో తల పెడితే గోడ. అసలు ద్వారం పైన మూసి ఉంటుంది, పిట్ట వచ్చి తెరుచుకుని లోపలికి దూరుతుంది.

సోమరిపిట్ట
దీన్నే గూడుపుఠాణి అంటారు. (సభ్యుడు కాదు, మాట.)

పాత_కెమెరా
ఇంతసేపూ చదువుతూ ఉన్నా, ఇప్పుడు ఒకటి చెప్పాలనిపించింది. చాలా ఏళ్ల కిందట తేనెపిట్ట గూడు ఫొటో తీశాను. సంచీలా వేలాడుతూ ఉంది, పైన చిన్న వసారా కూడా. సాలెగూడు పోగులతో బెరడు ముక్కలు, ఎండుటాకు తునకలు, గొంగళిపురుగు రెట్టలు అంటించి కట్టింది. అడుగు దూరంలో నిలబడినా గూడని తెలియదు, గాలికి చిక్కుకున్న చెత్త అనుకుంటాం. అదే దాని రక్షణ.

ఫొటోకి ఒక రెమ్మ అడ్డంగా ఉందని పక్కకి కట్టేశాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు వెళ్లి చూస్తే గూడు చీలి ఉంది, పిల్లలు లేవు. కాకో, ఇంకేదో నాకు తెలియదు. ఆ రెమ్మ అడ్డం నాకు కాదు, దానికి. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. బాధితుడు గారూ, బుల్‌బుల్ గూడు దగ్గర ఆకు తుంచకండి, కుండీ జరపకండి.

బాల్కనీ_బాధితుడు
ఫొటో కోసం కుండీ వెలుతురులోకి జరుపుదామని నిన్ననే అనుకున్నాను. జరపను.

చిట్టిచేతులు
సాలెగూడుతో గూడు! మన భాషలో అది ముందే గూడు కదా.

నీలిరెక్క
అవును, గూడు పీకి గూడు కట్టడం. చిన్న పిట్టలకి సాలెపోగు లాంటి సరుకు ఇంకొకటి లేదు. జిగురుగా ఉంటుంది, తేలిక, సాగుతుంది. యూరప్‌లో పొడుగు తోక టిట్ సాలెపోగులతో నాచు కలిపి గుండ్రటి సంచీ కట్టి, లోపల వెయ్యికి పైగా ఈకలు పరుస్తుంది. పిల్లలు పెరుగుతుంటే సంచీ కూడా సాగుతుంది. హమ్మింగ్ బర్డ్ గూళ్లూ అంతే. టైలర్ పిట్ట ఆకు అంచుల్లో ముక్కుతో చిల్లులు పొడిచి సాలెపోగులు, దూది పోగులు దూర్చి ఆకుని పొట్లంలా కుడుతుంది. ముడి వెయ్యదు. చిల్లులోంచి బయటికి వచ్చిన పోగు ఉబ్బి అక్కడే ఇరుక్కుంటుంది, బొత్తాంలా. ఆకు కొమ్మ మీదే ఉంటుంది కాబట్టి పచ్చగానే ఉంటుంది, గూడు కనబడదు.

రాత్రి_డ్యూటీ
మా దర్జీ కన్నా నయం. ఆయన బొత్తాలు రెండు ఉతుకులకి ఊడతాయి.

గూడుపుఠాణి
ఇప్పుడు సరుకు కూడా మారింది. పట్నం కాకులు ఇనుప తీగలు వాడటం చాలామంది చూసే ఉంటారు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెట్టిన సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పిట్టలు వాలకుండా భవనాల అంచులకి ఇనుప ముళ్ల పట్టీలు బిగిస్తారు కదా, కాకి జాతి మాగ్‌పైలు ఆ పట్టీలనే పీకి గూటికి కప్పు వేసుకున్నాయి. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో దొరికిన ఒక గూట్లో దాదాపు 1500 ముళ్లు. ముళ్లు బయటికి తిప్పి పెట్టాయి, వేరే పిట్టలు రాకుండా!

సోమరిపిట్ట
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే అది అస్త్రం పట్టుకెళ్లి ఇంటికి కంచె వేసుకుంది.

కొమ్మచాటు
మెక్సికో సిటీలో పిచ్చుకలు, ఫించ్‌లు కాల్చి పారేసిన సిగరెట్ పీకలు గూట్లో పరుస్తున్నాయి. పీకల్లోని నికోటిన్ వల్ల పిల్లల్ని పీడించే పురుగులు తగ్గాయని తేలింది. కానీ తర్వాత చూస్తే ఆ పిల్లల రక్తకణాల్లో జన్యు నష్టం కూడా కనబడింది. కాబట్టి "పిట్ట ఎంత తెలివైనదో" అని ముగించడానికి వీల్లేదు.

బాల్కనీ_బాధితుడు
అప్‌డేట్. ఉడుత గూడు దొరికింది! నేను వెతకలేదు, మా ఆవిడ కనిపెట్టింది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కీ గోడకీ మధ్య సందులో. ఫుట్‌బాల్ అంత ఉండ. పీచు, దూది, ప్లాస్టిక్ పట్టీ, మా ఆవిడ చున్నీ కుచ్చు కూడా గుర్తుపట్టాం. లోపలి నుంచి సన్నగా చప్పుడు వస్తోంది. సమస్య ఏంటంటే రేపు ఏసీ సర్వీసింగ్‌కి మనిషి వస్తున్నాడు. గూడుని జాగ్రత్తగా అట్టపెట్టెలోకి మార్చి పక్కన పెట్టనా?

కొమ్మచాటు
వద్దు. చప్పుడు వస్తోందంటే పిల్లలు పుట్టేశాయి. సర్వీసింగ్ వాయిదా వెయ్యండి, ఏసీ వెయ్యకండి. తల్లికి ఇబ్బంది అనిపిస్తే అదే ఒక్కో పిల్లని నోట కరచుకుని వేరే గూటికి మారుస్తుంది. చాలా ఉడుతలకి ఒకటికి మించి గూళ్లుంటాయి. మీరు మారిస్తే ఎక్కడ పెట్టారో దానికి తెలియాలి కదా.

లెక్కల_పంతులు
పైగా మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ ముట్టుకోదు.

నీలిరెక్క
పంతులుగారూ, ఈ మాట మీ దగ్గర ఊహించలేదు. అది నిజం కాదు. పిట్టలైనా ఉడుతలైనా మనిషి వాసన తగిలిందని పిల్లల్ని వదిలేయవు. పదే పదే అలజడి చేస్తే వదిలేస్తాయి, ముఖ్యంగా గూడు కడుతున్నప్పుడు, గుడ్లు కొత్తగా పెట్టినప్పుడు. పిల్లలు పెరిగే కొద్దీ అంత తేలిగ్గా వదలవు.

లెక్కల_పంతులు
చిన్నప్పటి నుంచి విన్నాను. మా నాన్న చెప్పాడు.

పాత_కెమెరా
పిల్లలు గూళ్లు కెలకకుండా పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. అబద్ధమైనా పని చేసింది.

బాల్కనీ_బాధితుడు
సర్వీసింగ్ వాయిదా వేశాను. ఫోన్‌లో కారణం చెబితే అతను చాలాసేపు నవ్వాడు. "మొన్న ఒక ఇంట్లో కూడా ఇంతే సార్" అన్నాడు.

బుల్‌బుల్ వార్త: గిన్నె తయారైంది. లోపల సన్నటి వేళ్లు వరసగా చుట్టింది. కొబ్బరి పీచు ముక్కలు పెట్టాను కదా, ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పీచు మొత్తం ఉడుత పట్టుకుపోయింది.

సోమరిపిట్ట
కాంట్రాక్టు మొత్తం ఒకరికే. విచారణ జరగాలి.

చిట్టిచేతులు
మా అమ్మాయి రెండో ప్రశ్న: కోకిల గూడు ఎలా ఉంటుంది?

గూడుపుఠాణి
ఉండదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకి పొదిగి, పెంచి, పెద్ద చేస్తుంది. అద్దె కూడా ఇవ్వదు.

కొమ్మచాటు
గూడు లేకుండా పొదిగే పనే తప్పించుకున్నవీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మల్లీఫౌల్ ఇసుక, ఆకులు కలిపి పెద్ద గుట్ట పోస్తుంది. ఆకులు కుళ్లే వేడికి గుడ్లు పొదుగుతాయి. మగది ముక్కు లోపలికి పెట్టి వేడి చూసి, ఎక్కువైతే ఇసుక తీసేస్తుంది, తక్కువైతే కప్పుతుంది. 33 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది, నెలల తరబడి.

రాత్రి_డ్యూటీ
నెలల తరబడి డ్యూటీ, వీక్లీ ఆఫ్ లేదు. నాకు చాలా దగ్గరివాడిలా ఉన్నాడు.

బాల్కనీ_బాధితుడు
అర్జంట్. ఒక ఉడుత పిల్ల కింద పడింది. వేలంత ఉంది, కళ్లు తెరవలేదు, వీపు మీద చారలు లేతగా కనబడుతున్నాయి. బతికే ఉంది. పాలు పట్టనా?

కొమ్మచాటు
పాలు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. చిన్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, గుడ్డ కింద ఒక పక్కన గోరువెచ్చటి నీళ్ల సీసా పెట్టండి. పిల్ల చల్లబడకపోవడమే ముఖ్యం. పెట్టె మూయకుండా గూటికి దగ్గరలో ఉంచి, మీరు లోపలికి వెళ్లి తలుపేసుకోండి. కాకుల మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. చీకటి పడేలోగా తల్లి రాకపోతే జంతువుల్ని కాపాడేవాళ్లకి ఫోన్ చెయ్యండి.

నీలిరెక్క
కిటికీ దగ్గర నిలబడి తొంగి చూడకండి. చూస్తారు, నాకు తెలుసు. అయినా చెబుతున్నా.

బాల్కనీ_బాధితుడు
తొంగి చూశాను, పరదా వెనక నుంచి. గంటన్నర అయ్యాక వచ్చింది. పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగింది. పిల్లని తిప్పి, పొట్ట దగ్గర నోటితో పట్టుకుంది. పిల్ల తల్లి మెడ చుట్టూ ఉండలా చుట్టుకుంది. అలాగే గోడెక్కి వెళ్లిపోయింది. మా ఆవిడ ఏడ్చింది. వెళ్లగొట్టమన్నది ఈవిడే.

పాత_కెమెరా
ఫొటో తీశారా?

బాల్కనీ_బాధితుడు
లేదు సార్. ఫోన్ చేతిలోనే ఉంది. తియ్యాలనిపించలేదు.

పాత_కెమెరా
మంచి పని చేశారు.

బాల్కనీ_బాధితుడు
నెల దాటింది, ఆఖరి అప్‌డేట్. బుల్‌బుల్ రెండు పిల్లల్ని ఎగరేసింది. గిన్నె ఖాళీగా ఉంది, తల్లి ఆ వైపే రావడం లేదు, నీలిరెక్క గారు చెప్పినట్టే. ఉడుత పిల్లల్ని ఎప్పుడు మార్చిందో చూడలేదు కానీ ఏసీ వెనక నాలుగు రోజులు చప్పుడు లేకపోయింది. మరో వారం ఆగి, తల్లి రావడం లేదని తేల్చుకుని గూడు తీశాం. లోపల సరుకు: దిండు పాలిస్టర్ రెండు గుప్పిళ్లు, డోర్‌మ్యాట్ సగం, చున్నీ కుచ్చు, మాస్క్ ఒకటి, నా చెవి దూది పుల్లల దూది (పుల్లలు లేవు), ఎవరిదో తెలియని ఎర్ర ఊలు. బయట గరుకు పీచు, లోపలికి వెళ్లే కొద్దీ మెత్తగా, వరసలు వరసలుగా ఉంది. ఇంత పద్ధతిగా మా అల్మారా కూడా ఉండదు.

విప్పి బాల్కనీలో పెట్టాను, చెత్తబుట్టలో వేసేలోపు లోపలికి వెళ్లొచ్చాను. తిరిగొస్తే ఒక పిచ్చుక ఎర్ర ఊలు ముక్క పట్టుకుని ఎగిరిపోతోంది.

నీలిరెక్క
మిగతా ఊలు వెంటనే తీసెయ్యండి, దారం గొడవ గుర్తుంది కదా.

బాల్కనీ_బాధితుడు
తీసేశాను. పాలిస్టర్ కూడా.

సోమరిపిట్ట
కొత్త దిండు కొన్నారా?

బాల్కనీ_బాధితుడు
కొన్నాం. ఎండకి మాత్రం వెయ్యట్లేదు.